రాతి తోరణం దగ్గర డైవింగ్: దిగే ముందు నుంచి తిరిగి గట్టెక్కేదాకా

సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండ ముక్కును అలలు రెండు వైపులా కొడతాయి. రాతిలో పగుళ్లున్న చోట గుహ పడుతుంది, గుహ అటూ ఇటూ తెరుచుకుంటే తోరణమవుతుంది, తోరణం కూలితే ఒంటి స్తంభం మిగులుతుంది. ఈ తోరణాల్లో కొన్ని సగం నీళ్లలో ఉంటాయి, కొన్ని పూర్తిగా నీటి అడుగునే ఉంటాయి. అలాంటి చోట డైవ్ చేయాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది “లోతెంత?” అని. నేను ముందుగా అడిగేది “తిరిగి ఎక్కడ ఎక్కుతారు?” అని. ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే మిగతావన్నీ.

ఇసుక తీరంలో అల పడేస్తే లేచి నిలబడొచ్చు. రాతి తీరంలో అదే అల మిమ్మల్ని పదునైన గవ్వల మీదుగా ఈడ్చుకెళ్తుంది. వీపు మీద సిలిండర్, కాళ్లకు ఫిన్స్ (ఈత రెక్కలు) ఉన్న మనిషి ఆ క్షణంలో నిస్సహాయుడు. నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం లోతులో తగిలినవి కావు, మోకాలి లోతు నీళ్లలో తగిలినవే.

1. ఒడ్డున కూర్చోండి, ఇరవై నిమిషాలు

సామాను కారులోంచి దించకముందే ఈ పని చేయండి. అలలు గుంపులుగా వస్తాయి: కాసేపు చిన్నవి, ఆ తర్వాత నాలుగైదు పెద్దవి, మళ్లీ నెమ్మది. ఐదు నిమిషాలు చూసి “ప్రశాంతంగానే ఉంది” అనుకున్నవాళ్లు ఆ నెమ్మదిని మాత్రమే చూసి ఉంటారు. రాతి మీద తడి గీత ఎంత ఎత్తున ఉందో గమనించండి. ఎండలో కూడా ఆరకుండా నల్లగా మెరుస్తుంటే అక్కడిదాకా ఇప్పుడిప్పుడే నీళ్లు వచ్చాయని అర్థం. నురగ ఎటు పోతోందో చూడండి. అది తోరణం మధ్యలోంచి అవతలికి సాగిపోతుంటే లోపల ప్రవాహం ఉన్నట్టే.

తర్వాత వాచీ పెట్టుకుని ఒక అల శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి. పది అలలు లెక్కపెట్టి సగటు తీస్తే మంచిది. అల ఎత్తు కంటే ఈ అంకె ఎక్కువ విషయం చెబుతుంది. లోతైన నీళ్లలో అల పొడవు కనుక్కోవడానికి ఒక లెక్క ఉంది: సెకన్లను వాటితోనే గుణించి, దాన్ని 1.56తో గుణిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. ఆ పొడవులో సగం లోతు వరకు నీటి కదలిక ఉంటుంది. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లు, అంటే సుమారు 20 మీటర్ల కింద నీరు దాదాపు నిశ్చలం. 10 సెకన్ల అల పొడవు 156 మీటర్లు, దాని కదలిక 78 మీటర్ల దాకా దిగుతుంది. చూడటానికి చదునుగా, సోమరిగా వచ్చే అల అడుగున మిమ్మల్ని ముందుకూ వెనక్కూ ఊపేయడానికి కారణం ఇదే. అదే నీరు ఇరుకైన తోరణంలోంచి పోవాల్సి వస్తే దాని వేగం ఇంకా పెరుగుతుంది. నా మటుకు నేను, సెకన్లు పది దాటితే అల మోకాలెత్తే ఉన్నా తోరణంలోకి వెళ్లను. బయట గోడ వెంబడి డైవ్ చేసి వచ్చేస్తాను.

ఇంకొకటి: పైకి చూడండి. రాతి మీద మిగతా చోట్ల కంటే తెల్లగా, కొత్తగా కనిపించే మచ్చ ఉంటే అక్కడినుంచి ఈమధ్యే ఒక ముక్క ఊడిపడింది. మాల్టాలోని గోజో దీవిలో, ద్వేజ్రా దగ్గర అజూర్ విండో అనే సున్నపురాతి తోరణం ఉండేది. దాని ఫొటో చూడని డైవర్ ఉండడేమో. 2017 మార్చి 8న తుఫాను గాలుల్లో అది మొత్తంగా కూలిపోయింది. ఆ బండలిప్పుడు సముద్రం అడుగున ఉన్నాయి, డైవర్లు వాటి మధ్య ఈదుతున్నారు. పెద్ద గాలివాన వెళ్లాక కొన్ని రోజుల వరకు ఏ తోరణం కిందికీ వెళ్లకండి.

2. ముందు బయటికి దారి, తర్వాతే లోపలికి

ఎక్కే చోట్లు రెండు ఎంచుకోండి. ఒకటి మీరు అనుకున్నది, రెండోది అది పనికిరాకపోతే వాడుకునేది. రెండోది అల నేరుగా తగలని పక్కన, కొండ ముక్కుకు చాటుగా ఉండాలి. మీరు తిరిగొచ్చే వేళకు పోటో పాటో లెక్క వేసుకోండి. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో పోటుకూ పాటుకూ మధ్య దాదాపు ఆరు గంటలు. దిగేటప్పుడు నడుం లోతులో ఉన్న రాతి మెట్టు, వచ్చేసరికి మీ తలకంటే ఎత్తున, నాచు పట్టి జారుతూ ఉండొచ్చు.

గట్టెక్కే పద్ధతిని సామాను లేకుండా ఒకసారి ఈది సాధన చేయండి. రాతికి దూరంగా, అల విరగని చోట ఆగండి. పెద్ద అలల గుంపు వెళ్లిపోనివ్వండి. తర్వాత వచ్చే చిన్న అల మిమ్మల్ని ఎత్తినప్పుడు దానితోపాటే రాతి మీదికి చేరి గట్టి పట్టు దొరికించుకోండి. నీరు వెనక్కి లాగేటప్పుడు కదలకండి, రాతిని కరచుకుని పడుకోండి. లాగుడు తగ్గాక పైకి పాకండి. మాస్క్ ముఖం మీదే, సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోనే ఉండాలి, పూర్తిగా అలకు అందని చోటికి చేరేదాకా. ఫిన్స్ ముందే విప్పేసేవాళ్లను చాలామందిని చూశాను. జారి నీళ్లలో పడితే ఈదడానికి వాళ్లకు ఏమీ మిగలదు. పట్టు కుదిరాకే విప్పండి. సముద్రానికి వీపు చూపించి నిలబడే పని ఎప్పుడూ వద్దు.

3. మీ శిక్షణ ఎక్కడిదాకా?

ప్రాథమిక ఓపెన్ వాటర్ కోర్సు చేసినవాళ్లకు సాధారణ పరిమితి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ చేస్తే 30, డీప్ కోర్సు కూడా చేస్తే 40. కానీ తోరణం విషయంలో లోతొక్కటే కొలత కాదు. నెత్తిన రాయి ఉన్నప్పుడు నేరుగా పైకి వెళ్లే దారి ఉండదు. అందుకని గుహ శిక్షణ లేనివాళ్లు ఈ నాలుగూ ఉన్న తోరణంలోకే వెళ్లాలి: ప్రవేశం దగ్గర నిలబడితే అవతలి వెలుగు కనిపించాలి, దారి వంకర తిరగకూడదు, ఇద్దరు పక్కపక్కన ఈదగలిగేంత వెడల్పు ఉండాలి, అడుగున రేగే మట్టి పేరుకుని ఉండకూడదు. ఒక్కటి తగ్గినా అది తోరణం కాదు, గుహ.

ఈజిప్టులో దహబ్ దగ్గరి బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంటలో ఒక తోరణం ఉంది. దాని పైకప్పే సుమారు 55 మీటర్ల లోతున ఉంటుంది, పొడవు పాతిక మీటర్ల పైమాటే. నీళ్లు ఎంత స్వచ్ఛమంటే, దూరం నుంచి చూస్తే అది దగ్గర్లోనే, చిన్నదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. మామూలు గాలితో ఆ లోతుకు వెళ్తే నైట్రోజన్ మత్తు కమ్ముతుంది. చుట్టూ ఒత్తిడి పైనున్న దానికి ఆరున్నర రెట్లు కాబట్టి సిలిండర్ కూడా అంతే వేగంగా ఖాళీ అవుతుంది. ఒక్క సిలిండర్‌తో, ఆ శిక్షణ లేకుండా వెళ్లి చాలామంది అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒడ్డున వాళ్ల పేర్లతో స్మారక ఫలకాలున్నాయి. 25 మీటర్ల లోపు ఆ బ్లూ హోల్ గోడ వెంబడి చేసే డైవ్ అద్భుతంగా ఉంటుంది. మీ పరిమితిలో ఉన్నదాన్నే తనివితీరా చూడండి.

4. సామాను

దళసరి అడుగున్న బూట్లు, మడమ పట్టీ ఉన్న ఫిన్స్, ఒళ్లంతా కప్పే వెట్‌సూట్. నీళ్లు వెచ్చగా ఉన్నా సరే, సూట్ రాపిడికి అడ్డం. టార్చ్ తప్పనిసరి. వేలాడే గొట్టాలనూ, గాలి ఒత్తిడి చూపే గేజ్‌నూ క్లిప్పులతో ఒంటికి బిగించండి, రాతిలో ఇరుక్కునేవి అవే. పైకొచ్చాక పడవలకు కనిపించేందుకు ఒక మార్కర్ బోయ్ (నీటి మీద తేలే గుర్తు) పెట్టుకోండి. చేతి తొడుగులు కొన్ని రక్షిత ప్రాంతాల్లో నిషేధం, ముందే కనుక్కోండి.

5. స్కూబాతో (సిలిండర్ గాలితో)

గట్టు మీదనుంచి పెద్ద అంగ వేసి దూకేటట్టయితే కింద లోతు చాలినంత ఉందని ఎవరో ఒకరు మాస్క్‌తో చూసి ఉండాలి. బిసిడిలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్టులో) సగం గాలి నింపి, అల పైకొచ్చిన క్షణంలో దూకి, ఆగకుండా రాతికి దూరంగా ఈదండి. అందరూ అక్కడ కలిసి, ఒకరినొకరు చూసుకుని, అప్పుడు దిగండి.

నేరుగా తోరణంలోకి దిగకండి. దాని బయట, పక్కగా అడుగుకు చేరి ఆగండి. రాతికి పట్టిన నాచును చూడండి, అది ఎటు ఎంత ఊగుతోందో అదే మీ ఊపు. ఊపు ఒక మీటరు లోపు ఉంటే వెళ్లొచ్చు. మీ పొడవంత ఊపుతుంటే వెనక్కి రండి. లోపలికి వెళ్లాక నీటితో పోట్లాడొద్దు. అది ముందుకు తోసినప్పుడు మెల్లగా ఫిన్స్ కొట్టండి, వెనక్కి లాగినప్పుడు ఊరికే ఉండండి. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి, అలా సాగుతుంది. లాగుడుకు ఎదురు ఈదినవాడికి మిగిలేది ఆయాసం, ఖాళీ సిలిండర్.

ఇక్కడ ఒక మాట బలంగా చెప్పాలి. ఊపు మిమ్మల్ని కిందికీ పైకీ కూడా ఎత్తుతుంది. నిండు ఊపిరి బిగబట్టి ఉన్న మనిషిని నీరు ఒకటిన్నర మీటర్లు పైకెత్తినా ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది. స్కూబాలో ఊపిరి ఎప్పుడూ ఆపకండి. ఫ్రీడైవింగ్ (సిలిండర్ లేకుండా ఒక్క ఊపిరితో దిగడం) నుంచి స్కూబాకు వచ్చినవాళ్లకు ఈ అలవాటు మార్చుకోవడం కష్టం, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

తోరణం కప్పుకూ నేలకూ మధ్యలో ఉండండి. కాళ్లు మడిచి కప్పలా పక్కకు కొట్టే తన్ను వాడితే మట్టి రేగదు. టార్చ్ వెలిగించి కప్పు వైపు చూపండి, మీరు వచ్చిందే దీనికోసం. నీరు ఎరుపు రంగును మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది కాబట్టి ఎండ వెలుగులో అంతా నీలం బూడిదగా ఉంటుంది. టార్చ్ పడగానే నారింజ పగడపు గిన్నెలు, ఎర్ర స్పాంజీలు, ఊదా పొరలు ఒక్కసారిగా బయటపడతాయి. వీటిలో చాలావాటికి ఎండ అక్కర్లేదు, నీడే వాటి ఇల్లు. ప్రవాహం తెచ్చే తిండిని వడగట్టుకు తింటూ బతుకుతాయి. మీరు వదిలే బుడగలు కప్పు కింద చేరి గాలి గుంటలవుతాయి, వాటిలో చిక్కిన జీవాలు ఎండి చచ్చిపోతాయి. కాబట్టి కప్పు కింద ఆగి ఫొటోలకు పది నిమిషాలు గడపకండి. ఎవరి చేయీ రాతికి తగలకూడదు, ముఖ్యంగా చీకటి పగుళ్లలోకి పోకూడదు. అక్కడ పాములాంటి మొరే ఈల్ చేప, రాయిలా కనిపించే విషపు రాతిచేప ఉండొచ్చు.

గాలి లెక్క: మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు. సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత)తో దిగితే 135 దగ్గర పడగానే వెనక్కి తిరగాలి, తోరణం సగంలో ఉన్నా సరే. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకుండా చూసుకోండి. పైకి వచ్చే దారిలో 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి, అదీ గోడ పక్కన కాదు, దానికి దూరంగా. గోడ దగ్గర అల మిమ్మల్ని 5 నుంచి 2కు, 2 నుంచి 6కు ఎగరేస్తుంటుంది.

6. ఒక్క ఊపిరితో

ఫ్రీడైవర్‌కు బుడగల శబ్దం ఉండదు, చేపలు దగ్గరికొస్తాయి, తోరణం మరింత పెద్దదిగా అనిపిస్తుంది. అందుకే ఇక్కడ మనసు తొందరపడుతుంది కూడా.

తోడు లేకుండా ఒక్క డైవ్ కూడా వద్దు. ఇద్దరిలో ఒకరు కింద, ఒకరు పైన. పైనున్నవాళ్లు మాస్క్ నీటిలో ముంచి మిమ్మల్నే చూస్తూ ఉండాలి. దిగే ముందు రెండు నిమిషాలు మామూలుగా, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. గబగబా ఊపిరి పీలిస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ కలిగించేదే అది. హెచ్చరిక రాకముందే స్పృహ పోవడానికి ఇదే దారి.

10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లోని గాలి సగానికి, 20 దగ్గర మూడో వంతుకు, 30 దగ్గర నాలుగో వంతుకు కుదించుకుపోతుంది. అన్నిటికంటే పెద్ద మార్పు మొదటి 10 మీటర్లలోనే. చెవులను నొప్పి పుట్టకముందే సరిచేయాలి, మీటరుకు ఒకసారి అనుకోండి. పైకి వచ్చేటప్పుడు ఇదే తిరగబడుతుంది: ఒత్తిడి వేగంగా తగ్గి, రక్తంలో ఆక్సిజన్ కూడా అదే వేగంతో పడిపోతుంది. స్పృహ తప్పడం ఎక్కువగా చివరి 10 మీటర్లలో, లేదా నీటి మీద తల పెట్టిన తర్వాత జరిగేది ఇందుకే. కాబట్టి తోడున్నవాళ్లు దిగి మీకు చివరి మూడో వంతు దగ్గర ఎదురు రావాలి, పైకొచ్చాక మరో 30 సెకన్లు కళ్లు తిప్పుకోకుండా చూడాలి. మీరు పైకొచ్చిన వెంటనే మొత్తం ఊపిరి ఊదేయకండి. కొద్దిగా వదిలి, నిండా పీల్చి, ఒక క్షణం నిలిపి, మళ్లీ అలాగే.

బరువు పట్టీ సంగతి. నీటి మీద ఊపిరి పూర్తిగా వదిలినా తేలుతూ ఉండాలి, 10 మీటర్ల దగ్గర మునగకా తేలకా ఉండాలి. అంతకంటే బరువు కట్టుకుంటే మీ స్పృహ తప్పిన రోజున సముద్రం మిమ్మల్ని కిందికే తీసుకుపోతుంది.

తోరణం వైపు వెళ్లే ముందు బోయ్‌కు తాడు కట్టి, తోరణం బయట, ఊపు తక్కువ ఉన్న చోట నిలువు డైవ్‌లు నాలుగైదు చేసి ఒళ్లు వేడెక్కించండి. రెండు డైవ్‌ల మధ్య, కింద గడిపిన సమయానికి కనీసం రెట్టింపు విశ్రాంతి. తర్వాత తోరణం ప్రవేశం దాకా దిగి లోపలికి చూసి పైకొచ్చేయండి. మరో డైవ్‌లో అవతలి వైపు దిగి అటునుంచి చూడండి. రెండు చివరలూ చూడకుండా దాటకండి. స్విమ్మింగ్ పూల్‌లో మీరు ఒక్క ఊపిరితో హాయిగా ఈదగలిగే దూరంలో సగం కంటే తక్కువే ఉండాలి మొత్తం దారి, దిగడం, దాటడం, ఎక్కడం అన్నీ కలిపి. నిలువు డైవ్‌లో మనసు మారితే పైకి తిరగొచ్చు. తోరణం మధ్యలో ఆ వీలు ఉండదు, ఎదురుగా ఊపు వస్తే మీ లెక్కంతా తారుమారవుతుంది.

దాటేటప్పుడు తోడు ఉండాల్సింది మీరు బయటికొచ్చే వైపు, మీకంటే ముందే. 2017 జూలైలో దహబ్ తోరణం దగ్గర ఇటలీ ఫ్రీడైవర్ అలెస్సియా జెక్కీనీ దాటి వచ్చినప్పుడు పైకి తీసుకెళ్లే తాడు దొరకలేదు. ఐర్లాండ్‌కు చెందిన సేఫ్టీ డైవర్ స్టీఫెన్ కీనన్ ఆమెను పైకి చేర్చి, తాను ప్రాణం వదిలాడు. ఆయన ఆ పనిలో ప్రపంచం ఎరిగిన నిపుణుడు. మన తోరణాలు దానిలో పదో వంతు లోతు ఉన్నా, సమయం, స్థానం ముందే మాట్లాడుకుని ఉండాలన్నది మారదు. ఎవరు, ఎక్కడ, ఎన్నో సెకనుకు దిగాలి అన్నది ఒడ్డునే నిర్ణయించుకోండి.

స్పృహ తప్పితే తోడున్నవాళ్లు చేయాల్సింది: నోరూ ముక్కూ నీటికి పైన ఉంచడం, మాస్క్ తీసేయడం, ముఖం మీద ఊదడం, చెంప తట్టడం, పేరు పెట్టి ఊపిరి తీసుకోమని చెప్పడం. చాలామంది ఇంతలోనే తేరుకుంటారు. తేరుకోకపోతే నోటితో ఊపిరి అందిస్తూ ఒడ్డుకు చేర్చాలి. ఆ రోజు ఆ మనిషికి డైవింగ్ అయిపోయినట్టే, ఎంత బాగున్నానని చెప్పినా.

7. ఒకే రోజు రెండూనా?

చేయాలనుకుంటే పొద్దున తక్కువ లోతు ఫ్రీడైవింగ్, బాగా విశ్రాంతి తీసుకున్నాక స్కూబా. ఎప్పుడూ తిరగేయకండి. స్కూబా తర్వాత ఒంట్లో నైట్రోజన్ సూక్ష్మ బుడగలు తిరుగుతుంటాయి. మామూలుగా ఊపిరితిత్తులు వాటిని వడగట్టేస్తాయి. ఊపిరి బిగబట్టి మళ్లీ దిగితే ఒత్తిడికి అవి చిన్నవై ఆ వడపోతను దాటిపోయే వీలుంది. పడిపోయిన బరువు పట్టీ కోసం, లంగరు విడదీయడం కోసం “ఒక్కసారి దిగొస్తా” అనే మాట ఇక్కడే మానుకోవాలి. మర్నాటిదాకా ఆగండి.

8. దెబ్బలు తగిలితే

సముద్రపు ముళ్లకాయ (సీ అర్చిన్) ముళ్లు గుచ్చుకుంటే పైకి కనిపించేవి మెల్లగా తీసి, విరిగి లోపలుండిపోయినవి కెలకకుండా డాక్టరుకు చూపించండి. రాతిచేప, సింహపు చేప (లయన్ ఫిష్) కుడితే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచండి. నొప్పి తగ్గుతుంది. ఆ వెంటనే ఆసుపత్రి. నొప్పిలో వేడి తెలియదు కాబట్టి నీళ్ల వేడిని ఇంకొకరు చూడాలి. రాతికి గీసుకున్న గాయం చిన్నదే అయినా మంచినీళ్లతో బాగా కడగండి, అందులో మిగిలిన నలుసులు తొందరగా చీము పట్టిస్తాయి.

స్కూబా తర్వాత కీళ్ల నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, విపరీతమైన అలసట కనిపిస్తే వెల్లకిలా పడుకోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇచ్చి, రీకంప్రెషన్ చాంబర్ (ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మళ్లీ నీళ్లలోకి దింపి నయం చేస్తామనేవాళ్ల మాట వినొద్దు. ఆ చాంబర్ ఎక్కడుందో, ఫోన్ నంబరేమిటో బయల్దేరే ముందే రాసి పెట్టుకోండి.

9. తిరిగొచ్చాక

విమానం ఎక్కేముందు ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. కొండ రోడ్డు మీదుగా ఇంటికెళ్లేవాళ్లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

సామాను మంచినీళ్లలో కడిగాక లాగ్ పుస్తకం తీయండి. లోతు, సమయం అందరూ రాస్తారు. మీరు వాటితోపాటు అలల మధ్య సెకన్లు, అల వచ్చిన దిక్కు, గాలి, పోటు వేళ, ఏ మెట్టు మీదనుంచి దిగి ఏ మెట్టు మీదికి ఎక్కారో, తోరణంలో నాచు ఎంత ఊగిందో రాయండి. ఆ చోటికే పదిసార్లు వెళ్లినప్పుడు, ఒడ్డున కూర్చుని సెకన్లు లెక్కపెడుతుండగానే లోపల నీరెలా ఉంటుందో ఆ పేజీలు చెప్పేస్తాయి.